కాగితపు పూల కంచె

1990 ఆగస్టు, ఆదివారం. సబా అల్ సలేం, కువైట్.

ఇరాక్ సైనికులు ఇల్లిల్లూ వెతికి కువైటీ మగవాళ్లను పట్టుకుపోతున్నారు. మమ్మల్ని పనిలో పెట్టుకున్న యజమానిని, మా కఫీల్‌ను, తోట వెనక మోటారు గదిలో దాచాము. తలుపు కనపడకుండా మొన్న నేనే కాగితపు పూల కంచెలోంచి ముళ్ల కొమ్మలు నరికి అడ్డం పెట్టాను. కడపలో చేని కంచెకు గండి పడితే కంప కొట్టి మూస్తాం, ఆ అలవాటే.

ఈ ఎండకు అవి మాడిపోయాయి. పొద్దున వంటచేసే సుబ్బమ్మ చూసి, "ఏం చిన్నాయనా, కంచెంతా పచ్చగుండాది, తలుపు కాడ మటుకు ఎండిపోయుండాది. ఈడ దాచినామని బోర్డు పెట్టినట్టుంది గదా!" అంది.

"నోరు మూయ్‌మే, నాకు తెల్దా?" అన్నాను.

నిజానికి నాకు తట్టలేదు. మా చేలల్లో కంచె అంటే ఎండు కంపే.

మధ్యాహ్నం కత్తి తీసుకుని కంచె మొత్తం మొదలంటా కొట్టేశాను. తోటమాలిగా పదకొండేళ్లు నేను పెంచిన కంచె. పచ్చివీ ఎండినవీ కలిపి గోడ పొడవునా పరిచాను. అయినా పచ్చివి ఇంకా వాడక తేడా తెలుస్తూనే ఉంది.

సైనికులు పక్క వీధి దాకా వచ్చారట. రేపు ఎండ ఇంకా గట్టిగా కాయాలి.