ఓనరమ్మ ఊళ్లో లేరు

3 నవంబరు 1986, సోమవారం. ఉదయం 6.10

ఈ రోజు నుంచి మాట్లాడతాను!

బి.ఏ. కాగానే నాన్నను బతిమాలి, వినుకొండ రోడ్డులో మా ఖాళీ స్థలంలో నర్సరీ పెట్టించాను. ఏడాదైంది. కుండీల్లో క్రోటన్లు, గన్నేర్లు, కాగితంపూలు, అశోక మొక్కలు. అన్నీ బాగున్నాయి. అమ్మకమే లేదు. ఎవరైనా గేటు తీస్తే నేను అశోక మొక్కల వెనక్కి వెళ్లిపోతాను.

నిన్న భోజనాల దగ్గర నాన్న తేల్చేశారు. "మొక్కలూ మాట్లాడవు, నువ్వూ మాట్లాడవు. ఇంక అమ్మేదెవురమ్మా? నెలాఖరు దాకా చూస్తా. ఆ తర్వాత ఆ స్థలం పురుగుమందుల కొట్టుకిచ్చేస్తా."

నియమాలు:
1. వచ్చినవాళ్లను నేనే ముందు పలకరించాలి.
2. నర్సరీలో పుస్తకం తెరవకూడదు.
3. అశోక మొక్కల వెనక్కి పోకూడదు.

6.40. అద్దం ముందు సాధన. "రండి, ఏ మొక్క కావాలండీ?" ఇరవై సార్లు. ఒక్కసారీ తడబడలేదు. అద్దం ఏమీ కొనలేదు.

4 నవంబరు, మంగళవారం

ఉదయం 9.00. నకరికల్లు నుంచి ఒక రైతు. నేనే పలకరించాను! "రండి" వరకు వచ్చింది. మిగతాది అద్దం దగ్గరే ఉండిపోయింది.

ఆయన క్రోటన్ ఆకు పట్టుకుని చూశాడు. "ఇది కాయ కాస్తదా?"

తల అడ్డంగా ఊపాను.

"పోనీ, పువ్వు?"

ఊపాను.

"గొడ్లు తింటయ్యా?"

ఊపాను.

"మరెందుకమ్మా ఇది?"

తల ఊపి చెప్పే జవాబు కాదు. ఆయన వెళ్లిపోయాడు. నీళ్లు పోసే కొండమ్మ పిన్ని నడుం మీద చెయ్యి వేసుకుని నవ్వింది. "అందంగా ఉంటదని చెప్పొచ్చుగా అమ్మాయ్? నోరేమన్నా కుట్టేశారా?"

మధ్యాహ్నం రెండింటికి ఆ మాట పైకే అన్నాను. అప్పుడు క్రోటన్ తప్ప ఎవరూ లేరు.

7 నవంబరు, శుక్రవారం

కొత్త ఉపాయం! ప్రతి కుండీకి పేరు రాసిన చీటీ. నేను పక్కన నిలబడితే చాలు. రాత కూడా మాటే కాబట్టి నియమం చెడినట్టు కాదు. లాటిన్ పేర్లు, గుండ్రటి కాన్వెంటు అక్షరాలతో ఐదు వందల చీటీలు.

సాయంత్రం 5.00. మెకానిక్ మౌలాలీ గారి భార్య హజ్రా బీ వచ్చి చీటీని ఎగాదిగా చూసింది. "ఇదేంది బిడ్డా, మందు పేరా? సరేలే, మా మేక తినని చెట్టు ఒకటియ్యి."

క్రోటన్ ఇచ్చాను. మొదటి అమ్మకం!! నోరు విప్పాల్సిన అవసరమే రాలేదు.

12 నవంబరు, బుధవారం

పుస్తకం తెరిచాను. తోటల పుస్తకమే. లెక్కలోకి రాదు.

13 నవంబరు, గురువారం

నవల. లెక్కలోకి వస్తుంది. కానీ తలనొప్పిగా ఉంది.

15 నవంబరు, శనివారం

అశోక మొక్కలకు పురుగు పట్టిందేమోనని వెనక్కి వెళ్లి చూశాను. పది నుంచి ఒంటిగంట దాకా చూశాను. పురుగు లేదు. ఈలోగా ఇద్దరు వచ్చి వెళ్లిపోయారట.

18 నవంబరు, మంగళవారం

రాయడానికే సిగ్గుగా ఉంది.

ఉదయం 11.00. పాత ఓణీ నడుముకు బిగించి ఎరువు మట్టి కలుపుతున్నాను. గేటు ముందు జీపు ఆగింది. దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసరు. వాళ్ల కొత్త కాలనీకి మూడు వందల మొక్కలు కావాలట. మూడు వందలు!

"ఏమ్మాయ్, ఓనరమ్మ లేదా?"

నేనే, అంటే సరిపోయేది.

"ఊళ్లో లేరండీ" అన్నాను.

ఈ పదిహేను రోజుల్లో వచ్చినవాళ్లతో నేను పలికిన మొదటి పూర్తి వాక్యం ఇదే. స్పష్టంగా, "అండీ"తో సహా.

"అయితే కడియం నుంచి లారీలో తెప్పించుకుంటాంలే." జీపు వెళ్లిపోయింది.

కొండమ్మ పిన్ని బకెట్టు దింపింది. "ఊళ్లో లేవా? మరి ఈడ మట్టి పిసికేదెవురే, నీ దయ్యమా?"

20 నవంబరు, గురువారం

పురుగుమందుల కొట్టాయన టేపు తెచ్చి స్థలం కొలిచాడు. దారికి అడ్డమని ఒక కుండీని కాలితో నెట్టాడు.

"జాగ్రత్తయ్యా, మా అమ్మాయికి ఇంకా పది రోజులుంది" అన్నారు నాన్న.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

22 నవంబరు, శనివారం

ఉదయం 7.15. దాచేపల్లి బస్సు. ఒళ్లో గన్నేరు కుండీ. పిడుగురాళ్ల దాకా సాధన: "నేను నర్సరీ ఓనర్ని." టికెట్టు అడిగిన కండక్టరుకు కూడా అదే చెప్పాను.

10.30. ఆఫీసరు నన్ను చూడగానే, "నువ్వు ఆ నర్సరీలో పనిచేసే అమ్మాయివి కదూ? ఓనరమ్మ పంపిందా?"

"అవునండీ."

ఆ అబద్ధంతో ఏం బరువు దిగిపోయిందో, నోరు తెరుచుకుంది. ఇది సున్నపు నేల సార్, క్రోటన్లు పెడితే ఆకులు పాలిపోతాయి అన్నాను. ఈ దుమ్ముకు గన్నేరు, కాగితంపూలే ఆగుతాయన్నాను. మా మొక్కలు ఏడాదిగా మా ఊరి ఉప్పునీళ్లు తాగి బతికాయి, లారీలో వచ్చేవి తట్టుకోలేవన్నాను. ఇరవై నిమిషాలు!

"పనికొచ్చే పిల్లవి, ఇంత తెలుసే నీకు!"

"అంతా మా ఓనరమ్మ నేర్పిందేనండీ. ఆవిడ చాలా చదువుకున్నారు."

ఇంకా చాలా పొగిడాను. ఆపుకోలేకపోయాను.

ఆయన తలూపాడు. "సరే, మీ దగ్గరే తీసుకుంటాం. సోమవారం తొమ్మిదింటికి వస్తా. ఆవిడతోనే మాట్లాడాలి. అప్పుడు కూడా లేకపోతే ఇక లారీయే."

24 నవంబరు, సోమవారం. ఉదయం 5.50

కొండమ్మ పిన్ని తన కూతురి పెళ్లినాటి పట్టుచీర కట్టుకుని వచ్చింది. "నీకు భయమైతే ఓనరమ్మగా నేను కూచుంటా. సంతకం వొకటీ నువ్వు గీకు."

ఆలోచిస్తానన్నాను.

7.30. వద్దన్నాను. ఆవిడకు కోపం వచ్చింది. చీర మార్చుకోలేదు.

ఈ రోజు నుంచి మాట్లాడతాను. పాత నియమాలు కొట్టేశాను. కొత్తవి రెండే.
1. ఓనరమ్మ నేనే అని చెప్పాలి.
2. శనివారం వచ్చిన పనమ్మాయి ఏదని అడిగితే, ఆమె కూడా నేనే అని చెప్పాలి.

రెండోది రేపటి నుంచి పెట్టుకుందామనుకున్నాను. కానీ ఆయన వచ్చేది ఈ రోజే.

9.05. జీపు ఆగింది. రెండూ ఒకే ఊపిరిలో చెప్పేయాలి. వెళుతున్నాను.