మెట్ల మీద కుట్టుమిషన్

బుక్కరాయసముద్రం,
12 ఫిబ్రవరి 2025, బుధవారం.

అతావుల్లా అన్నకు చెల్లెలు ఆరీఫా సలాములు. చిలమత్తూరులో మీరంతా దేవుని దయతో బాగుండారని తలుస్తాను. ఈడ నేనూ, బిడ్డ నాజ్‌నీనూ బాగుండాము. మా ఆయన షారుక్ బోరుబండితో బళ్ళారి దిక్కు పోయినాడు.

నిన్న ఫోన్లో నన్ను ఒక్క మాటా చెప్పనీకుండా అరిచినావు. అందుకే జాబు రాస్తాండా. కాగితం మీదయితే నువ్వు నడుమ అడ్డం రాలేవు.

ఈ బాడిగ ఇల్లు చూపించింది నువ్వే. ఓనరు మల్లికార్జునయ్య నీకు బాగా కావలసినోడు. కాదనను. కానీ ఆయన అంగడి మా మెట్ల కిందనే కదన్నా. సరుకులకొచ్చినోళ్ళు, ఆటోవాళ్ళు, ఆయనా, అందరూ మెట్ల మీద కూర్చొని బీడీలూ సిగరెట్లూ తాగుతారు. ఆ పొగంతా నేరుగా మా గదిలోకే. ఊరి దుమ్ముకే నాజ్‌నీన్‌కు ఆయాసం. దానికి పొగ కూడా తోడైతే నోట్లో పంపు కొట్టందే ఊపిరి ఆడదు.

పోయిన నెల పంచాయతీవాళ్ళు తీర్మానం చేసినారు. బస్టాపులో, అంగళ్ళ ముందర, నలుగురూ నడిచే మెట్ల మీద పొగ తాగకూడదని. మా మెట్ల కాడ బోర్డు కూడా కొట్టినారు. మరుసటి దినమే మల్లికార్జునయ్య దాని మీద క్యాలెండరు తగిలించినాడు. నేను మర్యాదగానే అడిగినా. మెట్లు నావి, పొగ నాది, దగ్గు నీ బిడ్డది, నన్నేం చేయమంటావమ్మా అన్నాడు.

తర్వాత పంచాయతీకి ఫోన్ పోయింది. సెక్రటరీ వచ్చి జనం ముందరే ఆయనకు జరిమానా రాసినాడు. ఆ సాయంత్రమే ఆయన భార్యను ఎంటబెట్టుకొని మా వాకిట్లోకొచ్చినాడు. ఫోన్ చేసింది నువ్వే కదా, ఇల్లు ఖాళీ చెయ్ అన్నాడు. అవును నేనే, ఖాళీ మాత్రం చేయను అన్నా.

తెల్లారి నా కుట్టుమిషన్ దించి మెట్ల మలుపులో వేసుకున్నా. మనుషులు పోయేదానికి దోవ ఉండాది, కూర్చునేదానికి లేదు. జాకెట్లు కుట్టుకుంటా ఆడనే ఉంటి. ఆటో బసప్ప వచ్చి నిలబడే బీడీ ముట్టించినాడు. తాగన్నా, నా బిడ్డను కూడా పిలుస్తా, దాని దగ్గు వింటా తాగు అన్నా. ఆయప్ప బీడీ కాలికింద నలిపి, ఆటో ఎక్కి పోయినాడు. మళ్ళా ఈ దిక్కు రాలేదు. మిగిలినోళ్ళూ ఒక్కొక్కరే జారుకున్నారు.

దీనికే కదా మల్లికార్జునయ్య నీకు ఫోన్ చేసింది. దీనికే కదా నువ్వు ఆయన కాళ్ళు పట్టుకొని క్షమాపణ అడగమన్నది. అడగను. నా బిడ్డ గాలి పీల్చుకునేదానికి నేనెవురి కాళ్ళూ పట్టుకోను. సామాన్లు బయట పడేస్తే మిషన్ రోడ్డు మీద పెట్టుకొని కుడతా. నన్ను తీసుకపోయేదానికైతే నువ్వు రావద్దు. నా పక్కన మెట్టు మీద కూర్చునేదానికైతే రేపే రా.

వదినెకు సలాము, పిల్లోళ్ళకు ముద్దులు.

ఈసారికి నీ మాట వినని
నీ చెల్లెలు
ఆరీఫా

తా.క.: జాబు మడిచినాక మళ్ళా విప్పినా. ఇప్పుడు నీకు నిజం చెప్పొచ్చు. పంచాయతీకి ఫోన్ చేసింది నేను కాదన్నా, మల్లికార్జునయ్య భార్య లలితమ్మ. ఊపిరితిత్తులు చెడినాయని డాక్టరు చెప్పినా, ఇంట్లో ఆయన ఆమె పక్కనే కూర్చొని తాగుతాండాడంట. ఆయన నన్ను నిలదీసిన పొద్దు ఆయమ్మ ఎనకాల నిలబడి, చెప్పొద్దన్నట్టు నాకు చేతులు జోడించింది. ఆ మొగం చూసినాక నేనేనని చెప్పకుండా ఎట్లుండేది? ఇప్పుడే ఆయమ్మ పైకొచ్చింది. ఫోన్ చేసింది తానేనని అంగట్లో అందరి ముందరా మొగునికి చెప్పేసినాదంట. ఆయనేమన్నాడమ్మా అని అడిగినా. నన్ను కూడా ఖాళీ చేయమన్నాడు, చేయనన్నా అని నవ్వింది.