ఆరో తరగతి గదిలో నా పొయ్యి

జూన్ 12, 2022, ఆదివారం

ఈరోజు మా పడకగదిలోకి యూకేజీ వచ్చింది. మంచం వరండాలోకి వెళ్లింది.

స్కూలు మళ్లీ పుంజుకుంటోందని ఈయన సంబరం. కరోనాలో స్కూలు మూతపడి, ఫీజులు రాక, ఇంటి అద్దె కట్టలేక మేము స్కూలు మేడ మీదికి వచ్చేశాం. ఒక గదిలో పడక, ఒక గదిలో వంట. స్కూలు తెరిచాక వేరే ఇల్లు చూస్తానన్నారు. తెరిచి ఏడాది కావస్తోంది.

వరండాలో ఎలా పడుకోవడం అంటే, చల్లగా ఉంటుంది కదా అన్నారు.

జూన్ 15

వంటగది తలుపు వేసుకుని అన్నం తిన్నాను. నలుగురిలో నాకు ముద్ద దిగదు. దేవరాపల్లిలో పుట్టింట్లోనూ అంతే. ఏడో తరగతితో బడి మానిందీ ఆ సిగ్గుతోనే. అనకాపల్లి మొత్తంలో నేను గడియ పెట్టుకోగలిగేది ఈ ఒక్క తలుపే.

జూన్ 19, ఆదివారం

ఈయన, నానాజీ మాస్టారు మునగపాక వైపు కాన్వాసింగుకి వెళ్లొచ్చారు. ఇంటింటికీ తిరిగి, పాంప్లెట్లు ఇచ్చి, పిల్లల్ని మా స్కూల్లో చేర్చమని అడగాలి. నానాజీ మాస్టారు లాక్‌డౌన్‌లో మార్కెట్లో బెల్లం దిమ్మలు మోశారు. ఇప్పుడు మళ్లీ లెక్కలు చెబుతున్నారు.

భోజనం దగ్గర ఆయన నవ్వుతూ, ఆరో తరగతికి ఇంకో పదిమంది సేరితే సెక్షన్ పెట్టాలమ్మా, మీ వంటగది ఖాళీ సేసీయాల అన్నారు. ఈయన నవ్వలేదు. అది చూసి భయమేసింది.

జూన్ 20

అడిగాను. నిజమేనట. పొయ్యి అక్కడే ఉంటుందట, ఎనిమిదిలోపు వండేసుకోవాలట.

మరి నేనెక్కడ కూర్చోవాలి అన్నాను. స్కూలంతా మనదే కదా, ఎక్కడైనా కూర్చో అన్నారు.

జూన్ 22, పదకొండు గంటలు



ఈయన ఊళ్లు తిరగడానికి వెళ్లారు. ఆఫీసులో ఎవరూ లేరు. అప్పలనర్సమ్మ అని మునగపాక ఆవిడ, మనవణ్ణి ఆరులో చేర్చడానికి ఆటోలో వచ్చింది. ఏటి పాపా, ఎవులూ నేరేటి, మా గుంటణ్ణి సేర్సుకుంతారా అని కిందనుంచి అడిగింది. మెట్లు దిగాను. సీట్లు లేవండి అన్నాను.

మొన్ననే కదమ్మా మా గుమ్మం కాడికొచ్చి బతిమాలేరు, అప్పుడే నిండిపోనాయేటి అంది. అయిపోయాయండి అన్నాను.

కొత్తవాళ్లతో నేను రెండు ముక్కలు మాట్లాడటం ఇదే మొదలు. రెండూ అబద్ధాలే.

జూన్ 24

పొద్దున్నుంచి ఆటోలే. ఆ స్కూల్లో సీట్లయిపోతన్నాయంట అని అప్పలనర్సమ్మ ఊరంతా చెప్పిందట. మొన్నటిదాకా బతిమాలించుకున్నవాళ్లు ఆఫీసు ముందు నిలబడి ఈయన్ని బతిమాలుతున్నారు. ఆవిడా వచ్చింది. నన్ను చూపించి, ఈ పంతులమ్మ సూడ్డానికే మెత్తన, ఒక్క సీటిచ్చింది కాదు అని అందరికీ చెప్పింది. తలుపు చాటుకి పోయాను.

సాయంత్రం ఈయన నాకని జాంగ్రీలు తెచ్చారు. ఈ తెలివి ఇన్నాళ్లూ ఎక్కడ దాచేవు అన్నారు. నేనెందుకలా అన్నానో చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే బెంచీలు చేసేవాడికి ఫోన్ చేస్తున్నారు.

జూన్ 25

జాంగ్రీలకి చీమలు పట్టాయి. పట్టనిచ్చాను.

జూలై 3, ఆదివారం

బెంచీలు వచ్చాయి. నా పప్పు డబ్బాల స్టాండు పీకేసి బోర్డు కొట్టారు. పొయ్యి మూలకి జరిగింది. బెంచీలు పట్టక తలుపు ఊడదీశారు. మళ్లీ బిగించేటప్పుడు లోపలి గడియ పెట్టలేదు. పిల్లలు వేసుకుంటే ప్రమాదమట.

వేరే ఇల్లు అన్నారు కదా అన్నాను. ఈ ఏడాది నిలదొక్కుకోనీ అన్నారు. పస్తులుండి కూడా స్కూలు అమ్ముకోలేదు, ఇప్పుడు లేస్తుంటే మొహం అలా పెడతావేటి అన్నారు.

అదీ నిజమే. నిజమని తెలిసినా కోపం పోవడం లేదు.

జూలై 5

వేసవి సెలవులయ్యాయి, స్కూలు తెరిచారు. ఎనిమిదిలోపు వండాను. తర్వాత మెట్ల మీద కూర్చున్నాను. ఎక్కే ప్రతి పిల్లా గుడ్ మార్నింగ్ మేడం అంది. సాయంత్రం స్కూలు వదిలేదాకా ముద్ద ముట్టలేదు.

జూలై 6

ఈరోజూ అంతే.

జూలై 7, పగలు

ఎనిమిదిలోపు వండలేదు.

నానాజీ మాస్టారు భిన్నాలు చెబుతున్నారు. బెంచీల మధ్యనుంచి వెళ్లి పొయ్యి వెలిగించాను. అమ్మా, క్లాసు జరుగుతోందమ్మా అన్నారు. రాత్రి మిగిలిన అన్నానికి పోపు పెట్టాలండి అన్నాను. నూనె కాగింది. గుప్పెడు ఎండుమిరపకాయలు వేశాను.

గది ఖాళీ అయింది. వరండా నిండా దగ్గులు. తలుపు దగ్గరగా వేసి, మొదటి బెంచీలో కూర్చుని, నేనూ దగ్గుతూనే కడుపునిండా తిన్నాను.