ఎవరూ ముంచి చూడని బిస్కెట్

మంగళవారం, క్రోయిడన్

చక్కెర తగ్గించి మా కంపెనీకి నేను తయారుచేసిన కొత్త బిస్కెట్ షాపుల్లోకి వెళ్ళిన దగ్గర్నుంచీ ఒకటే ఫిర్యాదు, పాతదానిలా లేదని. ఇక పాత చక్కెరే వేద్దామని మేనేజర్ ఇవాళ తేల్చేశాడు. ఉక్రోషంతో ఒక ప్యాకెట్ తెచ్చి కింది ఫ్లాట్ పద్మ ఆంటీకిచ్చాను. ఆమె చాయ్‌లో ముంచగానే సగం విరిగి కప్పు అడుక్కి పోయింది.

"తీపి మంచిగనే ఉంది గని, ఇదేంది బిడ్డా, ముంచితే నిలుస్తలేదు. మీ ఆఫీసుల ఎవ్వరు చాయ్ తాగరా?"

తాగుతాం. కానీ టేస్టింగ్ గదిలో రుచులు కలవకూడదని మంచినీళ్ళే పెడతాం. ఈ ఇంగ్లీషువాళ్ళ దేశమంతా టీలో ముంచుకునే తింటుందని తెలిసీ ఒక్కరమూ ముంచి చూడలేదు. తప్పు తీపి తగ్గడంలో లేదు, టీలో విరగడంలో ఉందని రేపు చెబితే, మేనేజర్ వింటాడా...

ఆంటీకి షుగర్. మిగతా ప్యాకెట్ తిరిగివ్వనంది. చాయ్‌లో విరిగిన ముక్కల్ని చెంచాతో తింటుందట.