రూతు కనురెప్ప

ఎస్తేరూ,

నువ్వు పోయాక రెండో వానాకాలం కూడా దాటిపోయింది. మేం బాగున్నామని రాద్దామనుకున్నాను... మొన్న ఆదివారం వరకూ అది నిజమే.

ఆ చివరి రోజు పొద్దున నీకు రాగి గంజి తాగించాను. మింగలేకపోయావు, ముక్కులోంచి వచ్చేసింది. మధ్యాహ్నానికి తల నిలవక, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నావు. అంబులెన్సులో కోలారుకు బయలుదేరాం. బంగారుపేట దాటాక నీ ఊపిరి ఆగింది. చెయ్యి మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది.

కండరాల్లో సత్తువ పోయే ఆ జబ్బు మొదట్లో, రెప్ప వాలిపోతున్నా ఎంత నవ్వించావు! “కన్ను తెరవమంటే మూసుకుంటాండాది, చెప్పిన మాట వినేదే లే. ఇంగ ఇదీ నీ మాదిరే అయిపోయినాది సూడయ్యా!”

మన రూతు బెంగళూరులో ఒక ల్యాబులో చేరింది. నరం పంపే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని కండరం మీద అందుకునే రిసెప్టర్లు ఉంటాయి కదా, నీ ఒంట్లో యాంటీబాడీలు పాడు చేసినవి... వాటినే చూస్తుంది. వాటికి మాత్రమే అంటుకునే మోనోక్లోనల్ యాంటీబాడీ చిన్న సీసాలో వస్తుంది. మందు కాదు, పరిశోధనకే. దానికి రంగు తగిలించి కండరం ముక్క మీద వేస్తే, రిసెప్టర్లు ఉన్నచోటల్లా మెరుస్తుందట.

అది చేతి మీద పడితే? భయపడి అడిగాను. నవ్వింది. “కడుక్కుంటే పోతాది నాన్నా. అమ్మకు బయటినుంచి రాలేదు, అమ్మ ఒళ్ళే తయారు చేసుకునింది.”

ఒళ్ళే తయారు చేసుకుంటే... చేతికి తొడుగు వేసుకుని ఏం లాభం?

సెలవుకు ఇంటికి వచ్చిన రూతుకు ఆదివారం చర్చిలో పాట సగంలో ఎడమ రెప్ప వాలింది. పాత బంగారు గనుల సైనైడ్ దిబ్బ దుమ్ము పడిందని కన్ను నలుపుకుంది. ఆ రోజు గాలే లేదు.

ఇంటికి వచ్చాక, తల ఎత్తకుండా కళ్ళతోనే పైకప్పు వైపు చూస్తూ ఉండమన్నాను. నీ జబ్బు తేల్చడానికి డాక్టరు చేయించినట్టే. ఎందుకని రూతు అడగలేదు. చూస్తూ ఉంది. రెప్ప మెల్లగా దిగింది.

అప్పుడంది, “సీసాలో ఉండేదంటే భయం లే నాన్నా. నాలో ఉండాదేమో అంటేనే...”

నువ్వుంటే ఏమనేదానివి?

రక్తపరీక్షకు ఒప్పుకుంది. రేపు పొద్దున మొదటి రైలుకు తనతో బెంగళూరు వెళ్తాను. దారంతా కబుర్లు చెబుతాను. ఒక్కసారి కూడా తన కంటివైపు చూడను.

నీ
శామ్యూలు