తల దించినందుకు సున్నా

బావా,

తల దించిందన్న నేరానికి అక్కకు సున్నా వేశాడు కాలేజీ పరీక్షల అధికారి. రెండో సెమిస్టర్ కాలిక్యులస్ ఆన్‌లైన్ పరీక్షలో ఒక్కో ఇంటిగ్రేషన్‌కు పేజీన్నర కాగితం పడుతుంది. కాగితం మీద లెక్క చేసేవాళ్లు కాగితం వైపు కాక ఇంటికప్పు వైపు చూస్తారా? ఆమె పదకొండుసార్లు తల దించిందని కెమెరా లెక్కపెట్టింది. అది కాపీయేనని ఈయన సంతకం పెట్టాడు.

మనిషిని కాదని కెమెరాను నమ్మడం దౌర్జన్యమంటూ నేను నాలుగు పేజీల అర్జీ రాశాను. అక్క చదివి, "ఇది అర్జీయా, యుద్ధ ప్రకటనా రా?" అని పక్కన పెట్టేసింది. తనే ఒక్క ముక్క రాసి పంపింది: "మీ ఎదుటే కూర్చుంటాను, మీకు నచ్చిన లెక్క ఇవ్వండి." ఆయన సోమవారం రమ్మని ఒప్పుకున్నాడు. ఆ లెక్క తప్పితే కాలేజీ సీటు పోతుంది.

అయినా అక్క పుస్తకం తెరవడం లేదు. సున్నాను తట్టుకుంది గానీ, మొన్న మీరు పనిచేసే ఊరి నుంచి ఫోన్ చేసి, "నిజం చెప్పు, ఏమీ చూసి రాయలేదా?" అన్నారట, ఆ మాట తట్టుకోలేకపోయింది. బట్టల ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు నిలబడి ఇస్త్రీ చేసొచ్చి, వంటింటి గట్టు మీద లెక్కలు చేసుకున్న మనిషిని మీరే అలా అడిగితే, ఇక ఆ అధికారిని నేనేమని తిట్టను?

సెలవు పెట్టి ముందురోజే బయల్దేరండి. సోమవారం ఉదయం పది గంటలకు పరీక్షల విభాగం మెట్ల దగ్గర అక్క ఫ్యాక్టరీవాళ్లూ నేనూ ఉంటాం. మీరు అందరికంటే ముందు, ఆమెకు కనబడేలా నిలబడాలి.

మీ బావమరిది