అల్మరా దాటని పెట్టె

ఎందరి పుండ్లకో కట్లు కట్టిన హస్తాలు గల మా అమ్మగారి దివ్యసముఖానికి, నీ ఏకైక పుత్రరత్నం నూనె చేతులు జోడించి రాసుకుంటున్నది.

ముందుగా క్షమాపణలు. ఈ ఉత్తరం వల్ల నీ పుట్టింటి పరువుకు వాటిల్లబోయే నష్టానికి, తమ్ముడి మీద నువ్వు ఇన్నాళ్లూ కట్టుకున్న కోటకు పడబోయే బీటలకు, ఒక పట్టభద్రుడు ఎలుకల గురించీ చీమిడి గురించీ రాయబోతున్నందుకు, ఈ కాగితం అంచున ఉన్న నల్లటి వేలిముద్రకు (అది సిరా కాదు, గ్రీజు) సాష్టాంగపడి మన్నింపు వేడుకుంటున్నాను. ఈపాటికి మావయ్య నీకు ఫోను చేసే ఉంటాడు. నేను దొంగనని, తిన్నింటి వాసాలు లెక్కపెట్టానని, ఇంటా వంటా ఇలాంటివాడు పుట్టలేదని చెప్పే ఉంటాడు. ప్రస్తుతానికి అన్నీ ఒప్పేసుకుంటున్నాను. చివరిదాకా చదివాక ఏది ఉంచాలో ఏది కొట్టెయ్యాలో నువ్వే తేల్చు. నేనూ ఫోనే చేద్దును. కానీ ఫోనులో నువ్వు మాట మాటకీ అడ్డం పడతావు. ఉత్తరం రాసేవాడికి ఆ బాధ లేదు.

ఇక్కడ అందరమూ క్షేమం. అంటే, మావయ్యకు బీపీ పెరిగింది, అత్తయ్య నాతో మాట్లాడటం మానేసింది, నేను మెట్ల కింద గదిలో సూట్‌కేసు సర్దుకుని దాని మీదే కాగితం పెట్టుకుని రాస్తున్నాను. ఇవి మినహాయిస్తే అందరమూ క్షేమం. నీ వార్డులో పని కాస్త తగ్గిందనీ, నీ మోకాలు నీ మాట వింటోందనీ తలుస్తాను.

నీ ప్రశ్నలకు జవాబులు. వేళకు తింటున్నానా? తింటున్నాను. ఎంత సబ్బు పెట్టి తోమినా ప్రతి ముద్దలోనూ కాస్త డీజిల్ తగులుతోంది. అలవాటైతే బాగుంటుందన్నారు. అలవాటైంది, బాగాలేదు. చేతులు కాల్చుకున్నానా? సైలెన్సర్ ఒకసారి ముద్దు పెట్టింది. నువ్వు పంపిన మలాం రాశాను, మచ్చ మాత్రం ఉంటానంటోంది. మూడోది, కడుపులో తిప్పుతోందా అని అడిగావు. అమ్మా, నర్సువనిపించుకున్నావు.

కార్లను ప్రేమించినవాడు కార్ల సీట్ల కిందకి చూడకూడదు. ఒక సీటు కింద నాకు పాలసీసా దొరికింది. అందులో ఉన్నది పాలు కాదు, పెరుగు కాదు, సృష్టి ఇంకా పేరు పెట్టని పదార్థం. ఇంకో పెద్దమనిషి అద్దంలా మెరిసే బూట్లతో దిగి, ‘ఏసీలో కొంచెం వాసన వస్తోందండీ’ అని సుకుమారంగా సెలవిచ్చాడు. విప్పి చూస్తే లోపల ఎలుక ఒకటి ఎప్పుడో కాలం చేసి ఉంది. తోక పట్టి లాగాను. తోక వచ్చింది, ఎలుక రాలేదు. ఇక స్టీరింగు వెనకవైపు ఎప్పుడూ తడమకు. మర్యాదస్తులు సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడు ముక్కులోంచి తీసినదంతా అక్కడే భద్రపరుస్తారు.

చిన్నప్పుడు నేను ఇంకా సందు మలుపు తిరగని కారును కూడా ఇంజిను చప్పుడు విని ఫలానాదని చెప్పేవాణ్ణి, గుర్తుందా? చుట్టాలొస్తే నన్ను గుమ్మంలో నిలబెట్టి మరీ చెప్పించేదానివి. ఆ ప్రేమ ఎదురింటి అమ్మాయిని కిటికీలోంచి చూడటం లాంటిది. కాపురం మొదలుపెట్టాక తెలుస్తోంది, ఆవిడా గురక పెడుతుందని.

అయినా ఇదంతా సబ్బుతో పోయే అసహ్యం. ‘వాసనకు మొహం తిప్పుకునేవాడికి నర్సు పని రాదు, వాసనే లేదని బుకాయించేవాడికి ఆ పని ఇవ్వనే కూడదు’ అని నువ్వు ఒకసారి కొత్త నర్సును కడిగేశావు కదా. ఆ రెండో రకం సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

మెకానిక్కువి అవుతావా, నాన్న చూసిపెట్టిన బీమా ఆఫీసు కుర్చీలో కూర్చుంటావా, నెలాఖరుకల్లా తేల్చమన్నావు. తేల్చుకోవడానికే కదా నన్ను మావయ్య షెడ్డుకు పంపావు. ‘పనిలో నా తమ్ముడు బంగారం, వాడి దగ్గర నీ చెయ్యి తిరుగుతుంది’ అన్నావు. తిరిగింది. కడుపుతో సహా.

షెడ్డు ముందు ఒక గాజు గది ఉంది. సోఫా, ఫ్యాను, టీవీ, చల్లటి నీళ్లు. కారు ఇచ్చినవాళ్లు అక్కడ కూర్చుంటారు. టీవీని ఎలా పెట్టాడంటే, చూసేవాళ్ల వీపులు షెడ్డు వైపు ఉంటాయి. దుమ్ము కళ్లల్లో పడకుండా పాపం మావయ్య ఎంత ఆలోచించాడో అనుకున్నాను. నీ కొడుకు అంత అమాయకుడు.

బ్రేకు ప్యాడ్లంటే చక్రాన్ని రెండు పక్కలా పట్టి ఆపే ముక్కలమ్మా, అరచేతిలో ఇమిడిపోతాయి. తొక్కినకొద్దీ అరుగుతాయి. పూర్తిగా అరిగితే ఇనుము ఇనుమును కొరుకుతుంది, ఆ పైన ఆగడం ఆగకపోవడం కారు ఇష్టం. అందుకని అవి మార్చినప్పుడల్లా విప్పిన పాతవాటిని గాజు గదిలోకి తీసుకెళ్లి చూపించడం మా షెడ్డు మర్యాద. ఆ పని నాకిచ్చారు. చదువుకున్న నాలుక కదా.

మొదటిసారి నేను వాటిని వేస్టు గుడ్డలో చుట్టి, శవాన్ని అప్పగించినంత గంభీరంగా తీసుకెళ్లి, “సార్, ఇవి మీ కారువి. ఇంకొన్నాళ్లు ఇలాగే తిరిగి ఉంటే...” అని వాక్యం మధ్యలో ఆపేశాను. ఆ బట్టతలాయన మొహం పాలిపోయింది. మావయ్య నా వీపు తట్టి, “మా అక్క కొడుకనిపించావురా!” అన్నాడు. కాలేజీ వక్తృత్వ పోటీల్లో రాని బహుమతి అలా వచ్చింది.

కొన్నాళ్లకు అదే రకం ఇంకో కారు. ఇంకో ఆయన. మళ్లీ గుడ్డలో ప్యాడ్లు. తీరా చూస్తే ఒకదాని మూల విరిగి ఉంది, ముందుపన్ను ఊడిన నోరులాగ. ఈ బోసినోరును నేనెక్కడో చూశాను. మా షెడ్డులో పెద్ద మెకానిక్కు ఒకాయన ఉన్నాడు, అందరూ గ్రీజు బాబాయ్ అంటారు. ఆయన్ని పక్కకు పిలిచాను.

“బాబాయ్, ఇవి ఆ మధ్య వచ్చిన బట్టతలాయన కారువి కదా?”

“ఆయనవీ ఇవే, ఈయనవీ ఇవే, రేపు రాబోయేవాడివీ ఇవే. వీటికి సీనియారిటీ ఉంది బాబూ. ఈ షెడ్డులో నాకంటే ముందు చేరాయి.”

“మరి కొత్తవి?”

గడ్డం ఎత్తి అల్మరా చూపించాడు. “అదిగో. ఎప్పుడు చూసినా కొత్తవే.”

అల్మరాలో ఉన్నది ఒకే పెట్టె. దాన్ని ముందు యజమానికి చూపించి, ‘ఇది వేస్తున్నాం’ అంటారు. ఆయన టీవీ వైపు తిరగగానే పెట్టె అల్మరాకు చేరుతుంది. కారు ప్యాడ్లను గరుకు కాగితంతో గీకి, నోటితో ఊది, అవే బిగిస్తారు. కొత్తవాటికి బిల్లు వేస్తారు. ఆ రకం కార్లు ఊళ్లో ఎన్నో, అన్నింటికీ ఆ పెట్టె ‘వేశారు’. అది మాత్రం అల్మరా దాటలేదు. నీ భాషలో చెప్పాలంటే, చీము పట్టిన కట్టు విప్పి, దులిపి, మళ్లీ అదే కట్టి, కొత్త కట్టు అన్నట్టు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉండబట్టలేక అడిగేశాను.

“మావయ్యా, ఆ పెట్టె...”

“ఏ పెట్టెరా?”

“ఎప్పుడూ కొత్తగా ఉండే పెట్టె.”

అత్తయ్య చేతిలో గరిటె ఆగింది. మావయ్య దవడలు ఆగలేదు.

“ఒరేయ్ అల్లుడూ, బాగా అరిగినవైతే మార్చమా? సగం బాగున్నవాటిని పారేస్తే వస్తువు వృథా కదూ!”

“మరి బిల్లు?”

“బిల్లు ధైర్యానికిరా. బ్రేకులు మారాయంటే వాడు ఇంటికెళ్లి హాయిగా నిద్రపోతాడు.”

“బ్రేకు కూడా నిద్రపోతే?”

“అందుకే చదువుకున్నవాణ్ణి పనిలో పెట్టుకోకూడదనేది!” అని అత్తయ్యతో చెప్పి, గ్లాసెత్తి గటగటా నీళ్లు తాగేశాడు.

అమ్మా, ఎలుక తోక చేతిలోకి వచ్చినప్పుడు రాని డోకు నాకప్పుడు వచ్చింది. ఆయన్ని చూసి సగం. ‘ఇంకొన్నాళ్లు ఇలాగే తిరిగి ఉంటే’ అని గొంతు వణికించిన ఆ వక్తను తలుచుకుని సగం.

తర్వాత, నా ప్రసంగం అంతకుముందే ఒకసారి విన్న డ్రైవింగ్ నేర్పే మేడమ్ వచ్చింది. ఆవిడ కారులో పక్క సీటు ముందు కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, ఆవిడ తొక్కడానికి. మనిషి రాకముందే గొంతు వస్తుంది.

“ఏమయ్యా ఉపన్యాసకుడూ! ఈసారి నీ ప్రసంగం వద్దు, బ్రేకు చూడు. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఏ కాలు దేనిమీద పెట్టాలో తెలియని బాపతు. నేను తొక్కితేనే అందరం ఇళ్లకు చేరతాం.”

నేర్చుకోవడానికి వచ్చిన ఒకావిడ భయం భయంగా నవ్వుతూ వెనకే దిగింది. ఇద్దరూ గాజు గదిలో కూర్చున్నారు. మేడమ్ టీవీలో కారు నడుపుతున్నవాణ్ణి కూడా “ఒరేయ్, అద్దం చూసుకో!” అని తిట్టడం మొదలుపెట్టింది.

చక్రం ఊడదీశాను. ప్యాడ్లు గోరు మందం కూడా లేవు. మావయ్యను పిలిచాను. వంగి చూశాడు. ఆయనకు పని రాదని కాదమ్మా, ఒక్క చూపులో ఆయనకు తెలిసింది. తెలిసినట్టు నాకూ తెలిసింది.

“ఇంకా లాగుతాయిలే. గీకి పెట్టెయ్.”

“బాగా అరిగితే మారుస్తామన్నావుగా?”

“ఆవిడ ఎలాగూ మళ్లీ వస్తుందిరా. నాకు నిద్ర ముంచుకొస్తోంది, కాసేపు నడుం వాలుస్తా. గ్రీజుగాడు టీ తాగి వచ్చేలోగా కానిచ్చెయ్.”

ఆ తర్వాత ఏం జరిగిందో కాసేపు పక్కన పెడతాను. మర్నాడు అదే రకం కారు ఇంకొకటి వచ్చింది. మావయ్య చిరునవ్వుతో అల్మరా తెరిచాడు. పెట్టె లేదు.

అమ్మా, ఇల్లు కాలినా అంత గోల పుట్టదు. సోఫా కింద వెతికారు, టైర్ల మధ్య వెతికారు. చివరికి మావయ్య గ్రీజు బాబాయ్ మీద పడ్డాడు.

“నువ్వేరా! బయట అమ్ముకున్నావు!”

“నేనెందుకు తీస్తానండీ? ఆ పెట్టె కదిలితే షెడ్డు మూతేనని నాకు తెలీదా?”

“చేతులు కడుక్కుని బయటికి నడు. మళ్లీ ఈ గుమ్మం తొక్కకు.”

గ్రీజు బాబాయ్ నిజంగానే చేతులు కడుక్కున్నాడు. తన పానాలు ఒక్కొక్కటే తుడిచి సంచిలో వేసుకోసాగాడు. ఆ చప్పుడు నేను భరించలేకపోయాను.

“నేనే తీశాను మావయ్యా.”

“నువ్వా! ఎవడికి అమ్మావురా?”

ఒక్క వాక్యంలో నిజం చెప్పాను. మావయ్య కోపం కూడా మరిచిపోయి నోరు తెరిచాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. “అబద్ధమాడినా నమ్మేట్టు ఆడాలిరా. మన షెడ్డులో అలాంటి పని ఎవడు చేస్తాడు!” అంటూనే నీకు ఫోను కలపడానికి లోపలికి వెళ్లాడు.

గ్రీజు బాబాయ్ పానాలు మళ్లీ గోడకు తగిలించాడు. నాకు దణ్ణం పెడతాడేమో అనుకున్నాను. “తీసేవాడివి పెట్టెతో సహా ఎందుకు తీశావయ్యా? ఖాళీ పెట్టె అక్కడే ఉంచితే ఇంకో ఏడాది గడిచేది!” అని చీవాట్లు పెట్టాడు. చూశావా, ఈ షెడ్డులో నాకు మిగిలిన స్నేహం.

ఇక నీ అసలు ప్రశ్న. బీమా ఆఫీసు కుర్చీ వద్దు. ఆ మాట నాన్నకు నువ్వే చెప్పాలి, నాకు అంత ధైర్యం లేదు. బస్సు డిపో వర్క్‌షాపులో పని నేర్చుకునేవాళ్లను తీసుకుంటున్నారట, రేపు వెళ్తున్నాను. అక్కడా కంపు ఉంటుంది. ఏమో, అక్కడా ఒక అల్మరా ఉంటుందేమో. ఉంటే ఆ గొడవేదో అక్కడే పడతాను. కార్ల పిచ్చి మాత్రం దిగలేదమ్మా. దిగుతుందనుకున్నాను, ఇన్ని చూశాక కూడా దిగకపోతే ఇక దిగదు.

మావయ్యను నువ్వు చంకనేసుకుని పెంచావు. ఆయన్ని తిట్టమని అడగను. ఈసారి ఫోను చేసినప్పుడు మాత్రం అక్క గొంతుతో కాకుండా వార్డులో వాడే గొంతుతో ఒక్కసారి అడుగు: ‘కట్టు మార్చావా?’ అని.

మావయ్య నిద్రపోయిన ఆ మధ్యాహ్నం సంగతి మిగిలింది. పని అయ్యాక మేడమ్ బయటికొచ్చింది. విప్పిన ప్యాడ్లు ఆవిడ చేతిలో పెట్టాను.

“ఏదీ, ప్రసంగం?”

“లేదండీ. ఇవి మీ కారువే.”

ఆవిడ వాటిని అటూ ఇటూ తిప్పి, వాటి అంచు మీద వేలు రాసి, నా మొహంలోకి ఒకసారి చూసి, వెళ్లి పక్క సీట్లో కూర్చుంది. నేర్చుకునే ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంది. కారు గేటు దాటి, వీధి చివరికి వెళ్లేసరికి ఎవరిదో సైకిలు అడ్డం వచ్చింది. నేను గేటు ఊచ గట్టిగా పట్టుకున్నాను. కారు ఆగింది. కిర్రుమనకుండా, జారకుండా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. చిన్నప్పుడు గుమ్మంలో నిలబడి కారు పేరు సరిగ్గా చెప్పినప్పుడు కూడా నాకంత గర్వం కలగలేదు.

కాబట్టి, అమ్మా, పైన ఒప్పుకున్నవన్నీ కొట్టెయ్. నేను నిజంగా చేసిన నేరం ఒక్కటే. ఆ పెట్టె చించి, అందులోని కొత్త ప్యాడ్లు తీసి, అవి వేసినట్టు బిల్లు రాసిన కారుకే వేశాను. నీ తమ్ముడి షెడ్డులో ఎవరూ చూడకుండా, దొంగచాటుగా, రిపేరు చేశాను.

ఇట్లు,
ఎంత తోమినా గోళ్లు తెల్లబడని
నీ కొడుకు